"సర్లెండి మేడం" అనేసి ఇంటికొచ్చి అరవడం ఎలా మానాలి? పాసివ్, అగ్రెసివ్, అసర్టివ్ అంటే మన తెలుగులో ఏంటసలు?

లెక్కల_టీచర్_బెజవాడ:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్ళు చదవండి.

నేను విజయవాడలో ఒక ప్రైవేట్ స్కూల్లో మాథ్స్ చెప్తాను, ఆరేళ్ళయింది. మా స్టాఫ్‌రూంలో సోషల్ చెప్పే సీనియర్ మేడం ఒకావిడ ఉన్నారు. మనిషి మంచిదే, మా పాపకి జ్వరమొస్తే క్యారేజీలో మిరియాల రసం పెట్టి పంపించింది, అందుకే ఇంకా ఇబ్బంది నాకు. విషయం ఏంటంటే ప్రతి పరీక్ష అయ్యాక ఆవిడ మార్కుల ఎంట్రీ నాతోనే చేయిస్తారు. "నీకు కంప్యూటర్ చకచకా వచ్చు కదమ్మా, నాకా ఓటీపీలు గట్రా భయం" అని రెండేళ్ళ క్రితం ఒక సెక్షన్ ఇచ్చారు, ఇప్పుడు నాలుగు సెక్షన్లయ్యాయి, సెక్షన్‌కి నలభై మందికి పైనే అంటే 160 దాటి పేపర్లు, టోటల్స్ కూడా నేనే వెయ్యాలి, "లెక్కల టీచర్‌వి కదా నీకెంత సేపు" అని పైగా ఒక జోకు.

మొన్న శుక్రవారం కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు, పురికొస కూడా విప్పలేదు, "సోమవారానికి కాస్త చూడమ్మా" అన్నారు. నా నోట్లోంచి వచ్చిన మాట "సర్లెండి మేడం". అంతే. ఇంటికెళ్ళాక మా పాప పెన్సిల్ చెక్కివ్వమ్మా అని వస్తే ఆ పెన్సిల్ లాక్కుని విసిరేశా. అది ఫ్రిజ్ కిందకి పోయింది. పిల్ల ఏడవలేదు, వంగి స్కేలు పెట్టి తీసుకుంటోంది, అది చూసి నాకు ఏడుపొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే అది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. కావాలనే 9-బి ఎంట్రీ ఆఖరి గంట దాకా ఆపాను, ప్రిన్సిపల్ గారు ఆవిడకి ఫోన్ చేస్తే ఆవిడ కంగారు పడాలని. పడింది కూడా. నాకు ఆ పూట చాలా హాయిగా అనిపించింది, రాత్రికి సిగ్గేసింది.

సెలవుల్లో మా స్కూల్లో ట్రైనింగ్ పెట్టారు. ఆయనెవరో వచ్చి పీపీటీలో తాబేలు, పులి, మనిషి బొమ్మలు చూపించి పాసివ్ (లోపలే అణిచేసుకోవడం), అగ్రెసివ్ (మీద పడిపోవడం), అసర్టివ్ (తన మాట మర్యాదగా, స్పష్టంగా చెప్పడం) అన్నారు. మనిషిలా ఉండండి, "మీరు ఇలా చేశారు" అనకుండా "నాకు ఇలా అనిపిస్తోంది" అనండి అన్నారు. ఇంగ్లీషులో బానే ఉంది. నేను తెలుగులో ట్రై చేశా. "మేడం, మీరు పేపర్లు ఇచ్చినప్పుడు నాకు ఒత్తిడిగా అనిపిస్తోంది" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "అయ్యో, బీపీ చెక్ చేయించుకున్నావా?" అన్నారు. నిజంగా ఇదే జరిగింది.

నా ప్రశ్న ఏంటంటే అసలు ఈ అసర్టివ్ అనేది మన భాషలో, మనకన్నా పెద్దవాళ్ళతో, ఎలా మాట్లాడతారు? పొగరు అనిపించుకోకుండా.

*

మిరపబజ్జీ:

బీపీ చెక్ చేయించుకున్నారా మరి :)

సారీ అండి, ఆగలేకపోయా. ఇక్కడ అందరం తాబేళ్ళమే, కీబోర్డు ముందు మాత్రం పులులం.

*

కుదురుగా:

నేను కౌన్సెలింగ్‌లో పని చేస్తాను, మీ బీపీ కథ మా క్లాసులో చెప్పుకుంటాను ఏమనుకోకండి.

ముందు ఒక్క మాట, ఈ అసర్టివ్ అనేది ఈ మధ్య ట్రైనింగుల వాళ్ళు పుట్టించింది కాదు. 1949లో ఆండ్రూ సాల్టర్ అనే అమెరికన్ సైకాలజిస్టు, మనసులో ఉన్నది బయటికి చెప్పలేక కుంచించుకుపోయే వాళ్ళ గురించి రాశాడు, మొహంలో మాటలో చూపించడం ప్రాక్టీస్ చేయించేవాడు. 1958లో జోసెఫ్ వోల్ప్ అని సౌతాఫ్రికాలో పుట్టిన డాక్టరు, భయమూ ధైర్యంగా మాట్లాడటమూ ఒకేసారి ఒంట్లో ఉండలేవు, ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది అని దాన్ని ట్రీట్‌మెంట్‌గా వాడాడు. అంటే మొదట్లో ఇది ఆఫీసు మర్యాదల పాఠం కాదు, భయానికి మందు. 1970లో ఆల్బర్టి, ఎమ్మన్స్ అని ఇద్దరు దీన్ని మామూలు జనం చదివే పుస్తకంగా తెచ్చాక ఊరంతా పాకింది. మీరు 9-బి ఆపారు చూడండి, దానికి పేరు పాసివ్-అగ్రెసివ్. ఆ మాట పుట్టింది 1945లో అమెరికా సైన్యంలో, ఎదురు తిరగకుండానే పని నత్తనడకన చేసే సిపాయిల గురించి. అంటే మీరు చేసింది మిలిటరీ లెవల్ అన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. "నాకు ఇలా అనిపిస్తోంది" ఫార్ములా తెలుగులో ఎందుకు బెడిసికొట్టిందంటే, మనకి "నాకు అదోలా ఉంది", "నాకు ఒత్తిడిగా ఉంది" అంటే అది ఒంటి సంగతి, వినేవాళ్ళు మందు వేసుకో అనో పడుకో అనో అంటారు. ఆవిడ తప్పు లేదు. నేను చూసినంతలో మనవాళ్ళకి ఫీలింగు చెప్తే జాలి పడతారు, లెక్క చెప్తే వింటారు. "160 పేపర్లకి నాకు రెండు రాత్రులు పట్టింది మేడం, రెండో రోజు పన్నెండున్నర అయింది" అని చూడండి. ఇందులో ఆవిణ్ణి ఏమీ అనలేదు, కానీ బీపీ ప్రశ్న రాదు.

రెండోది, మీరు అన్న "సర్లెండి". దాని మీద నేను ఒక పేజీ రాయగలను. "సరేనండి" వేరు "సర్లెండి" వేరు. ఆ "లెండి"లోంచి కోపం కారుతూ ఉంటుంది, మీకు తెలుస్తుంది, అవతలి వాళ్ళకి వినపడదు. పైకి ఒప్పుకున్నట్టు, లోపల ఒప్పుకోనట్టు. "పర్లేదులెండి", "ఎందుకులెండి", "మీ ఇష్టంలెండి", మన మొహమాటం అంతా ఈ రెండక్షరాల్లో దాక్కుంటుంది.

కాదు అని చెప్పడానికి మనకి ఎన్ని మాటలున్నాయో చూడండి. "చెయ్యను" అంటే మొహం మీద తలుపేసినట్టు, పెద్దవాళ్ళ దగ్గర అది పులి కిందే లెక్క. "చెయ్యలేను" అంటే వెంటనే "ఎందుకు చెయ్యలేవమ్మా" అని అడుగుతారు, మీరు కారణం చెప్తారు, వాళ్ళు ఆ కారణాన్ని కొట్టేస్తారు, మా అత్తగారికి ఒంట్లో బాలేదండి అన్నారనుకోండి అత్తగారు లేచి తిరిగిన రోజు కట్ట మళ్ళీ మీ టేబుల్ మీదే. "చూస్తానండి", "ట్రై చేస్తా" అంటే మీ దృష్టిలో కాదు అని, వాళ్ళ దృష్టిలో సరే అని. మిగిలింది "కుదరదండి". నాకు ఈ మాట చాలా ఇష్టం. ఇందులో నేను లేను, మీరు లేరు, ఎవరి తప్పూ లేదు, పని కుదరట్లేదు అంతే, పైగా చివర "అండి" ఉంది, మర్యాదకి లోటు లేదు. ఇంగ్లీషు వాడు పీపీటీ వేసి నేర్పేదాన్ని మన కూరగాయల బండి వాడు రోజూ అంటాడు, "ముప్పైకి కుదరదమ్మా" అని, కోపంగా అంటాడా? నవ్వుతూనే అంటాడు, తక్కెడ కూడా కింద పెట్టడు.

కుదరదండి అన్నాక ఆగాలి. కష్టం అక్కడే. ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం భరించలేక మనమే "పోనీ ఒక సెక్షన్ ఇవ్వండి" అనేస్తాం. ఆవిడ మళ్ళీ అడుగుతారు, మళ్ళీ అదే మాట అదే గొంతుతో. అరిగిపోయిన రికార్డు అని మనం తిట్టడానికి వాడతాం, ఆ ట్రైనింగుల్లో అదొక టెక్నిక్.

*

పాత_తెలుగు_మాస్టారు:

అమ్మా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. మీ తాబేలు పులి నాకు తెలియవు గానీ సభాపర్వంలో ఈ మూడూ ఒకే గదిలో ఉన్నాయి. జూదం అయిపోయింది, ధర్మరాజు తల వంచుకుని కూర్చున్నాడు, నోట మాట లేదు. భీముడు అగ్ని తీసుకురా సహదేవా, ఈ అన్న చేతులు కాల్చేస్తాను అన్నాడు, అవమానించింది దుర్యోధనుడి వాళ్ళు, కాల్చేది అన్న చేతులు, మీ పెన్సిలు సంగతే. ద్రౌపది ఏం చేసింది? ఒక ప్రశ్న పంపింది. ముందు తన్ను ఓడాడా, నన్ను ఓడాడా? అంతే. తిట్టలేదు, బతిమాలలేదు, ముందు వాళ్ళని జవాబు చెప్పమంది. భీష్ముడంతటి వాడు ధర్మం సూక్ష్మం అని నీళ్ళు నమిలాడు. నోరు విప్పింది కౌరవుల్లోనే ఒకడు, వికర్ణుడు.

నాకు అంతకన్నా నచ్చేది తర్వాత ఘట్టం. ధృతరాష్ట్రుడు భయపడి వరాలు కోరుకొమ్మన్నాడు. మొదటిది ధర్మరాజు దాస్యం పోవాలి, రెండోది మిగతా నలుగురూ ఆయుధాలతో సహా విడుదల కావాలి. మూడోది కోరుకో అంటే వద్దంది. ఏది కావాలో చెప్పింది, చాలనుకున్న చోట ఆగింది. మీరు సీనియర్ గారితో మాట్లాడేటప్పుడు కూడా రెండేళ్ళ బాకీ అంతా ఎత్తకండి, ఈ పరీక్ష కట్ట సంగతి మాట్లాడండి చాలు.

ఒక సామెత కూడా. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలు.

*

షిఫ్ట్_బి:

అన్నీ మంచిగనే చెప్తున్నరు గని నేనొకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. నేను పటాన్‌చెరు దిక్కు ఒక కంపెనీల కాంట్రాక్టు మీద చేస్తున్న, తొమ్మిదేండ్లు. మీరు చెప్పిన కుదరదండి నేను అన్న. డబల్ డ్యూటీ జెయ్ అంటె కుదరది సార్, ఇంట్ల పెండ్లుంది అన్న, మర్యాదగనే అన్న, చేతులు గూడ కట్టుకున్న. తెల్లారి గేటు కాడ నా పాస్ పని జెయ్యలె. సెక్యూరిటీ ఆయన నా మొఖం చూడకుంట కాంట్రాక్టర్‌తోని మాట్లాడుకో అన్నడు. పదకొండు దినాలు ఇంట్ల కూసున్న.

గందుకే నాకు ఈ ట్రైనింగులు చూస్తె నవ్వొస్తది. మా సూపర్‌వైజర్లకు గూడ పెట్టిన్రు గీ క్లాసు, ఆయన బయటికొచ్చి మమ్ముల తిట్టుడు ఆపలె, తిట్టినంక "నేను అసర్టివ్‌గ చెప్తున్న" అనుడు నేర్చిండు. పులి కూడ మనిషి బొమ్మ పెట్టుకుంటది. మీ మేడం మిమ్ముల తీసెయ్యలేదు గద, ఆమెకు మీకు ఒక్కటే హోదా, మీరు అనొచ్చు. మా అసోంటోళ్ళకు మాట కాదు, మంది గావాలె. తర్వాత అదే డబల్ డ్యూటీ మీద ఆరుగురం కల్సి పోయి అడిగినం, ఒక్కలు గూడ గొంతు లేపలె, ఆరుగురిని ఒక్కసారి బయటికి పంపితె లైన్ ఆగుతది కదా, ఇప్పుడు ముందురోజే చెప్తున్నరు డ్యూటీ సంగతి.

*

కుదురుగా:

షిఫ్ట్_బి అన్నా, మీరన్నది నేను ముందే రాయాల్సింది. అవతలి వాడి చేతిలో మీ బువ్వ ఉన్నప్పుడు నోరు మూసుకోవడం పిరికితనం కాదు, లెక్క. అది తెలిసి చేస్తే దాన్ని పాసివ్ అని నేను అనను. ఆరుగురు కలిసి గొంతు లేపకుండా అడగడం మాత్రం ఆ పీపీటీలో ఉన్న దానికన్నా మంచి ఉదాహరణ.

ఇదే వరసలో ఇంకొకటి, ఇక్కడ చదివే ఆడవాళ్ళ కోసం చెప్తున్నా. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే ఈ మాటల టెక్నిక్కులు అక్కడ ప్రయోగించకండి. నేను సరిగ్గా చెప్పలేదేమో, ఇంకాస్త నెమ్మదిగా చెప్తే వింటాడేమో అని తప్పు మీ మీద వేసుకోకండి. 181 మహిళల హెల్ప్‌లైన్, ఏపీలోనూ తెలంగాణలోనూ పని చేస్తుంది.

*

డల్లాస్_బుల్లోడు:

నా అనుభవం ఉల్టా. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా మేనేజరు, తెల్లాయన, శుక్రవారం లోపల అయిపోతుందా అని అడిగితే "ఐ విల్ ట్రై" అన్నా. మన భాషలో అది కాదు అని చెప్పడమే కదా, పెళ్ళికి రమ్మంటే ట్రై చేస్తా అంటే ప్లేటు తగ్గించుకుంటారు. ఆయన రాసుకున్నాడు. శుక్రవారం సాయంత్రం వచ్చి ఏదీ అన్నాడు. నేను "ఐ సెడ్ ఐ విల్ ట్రై" అన్నా, ఆయన నిజంగా అర్థం కాక చూశాడు, కోపం కూడా లేదు. నువ్వు కాదు అని ఉంటే నేను బుధవారమే ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి కదా అన్నాడు. ఆ రోజు నాకు తట్టింది, కాదు అనడం వాళ్ళకి తిట్టు కాదు, సమాచారం.

అయితే ఇక్కడ అలవాటై ఇండియా వెళ్ళినప్పుడు మా పెదనాన్న ఇంట్లో రెండోసారి పులిహోర వేస్తుంటే "వద్దండి, చాలు" అని చెయ్యి అడ్డం పెట్టా ఒకేసారి. అందరూ ఆగిపోయారు. మా పెద్దమ్మ "ఏరా, బాలేదా" అంది. అక్కడ రూలు మూడుసార్లు వద్దనాలి, నాలుగోసారి సగం వేయించుకోవాలి, నేను రూలు తప్పాను. కాబట్టి లెక్కల టీచర్ గారూ, స్టాఫ్‌రూంలో ఒక్కసారి కుదరదంటే ఆవిడ దాన్ని మొదటి "వద్దు" అనుకుంటారు, నాలుగోసారి కోసం ఎదురు చూస్తారు. నాలుగుసార్లకీ రెడీగా వెళ్ళండి.

*

మిరపబజ్జీ:

పులిహోర దగ్గర అసర్టివ్ అవ్వడం ఏంటి బ్రో, అది క్రైమ్.

సీరియస్‌గా ఒకటి, కట్ట టేబుల్ మీద పెట్టాక చెప్తే లాభం లేదు మేడం, పెట్టకముందే చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో నా పార్కింగ్‌లో పక్క ఫ్లాట్ అంకుల్ కారు పెట్టేవారు. పెట్టాక పోయి తీయండి అంటే ప్రతిసారీ గొడవ, తాళం లేదు, డ్రైవర్ లేడు. ఒక ఆదివారం ఆయన కారు లేనప్పుడు, టీ టైములో వెళ్ళి, "అంకుల్, రేపట్నుంచి నా బండి తొమ్మిదికి వస్తుంది, ప్లేస్ ఖాళీగా కావాలి" అన్నా. కారు లేదు కాబట్టి తీసేది ఏమీ లేదు, ఆయనకి పరువు పోయేదీ లేదు. సరే బాబు అన్నారు.

*

లెక్కల_టీచర్_బెజవాడ:

అప్‌డేట్ ఇవ్వమన్నారు కదా ఇద్దరు ముగ్గురు మెసేజ్‌లో. మాస్టారు గారికి, కుదురుగా గారికి, అందరికీ థాంక్స్. షిఫ్ట్_బి అన్నా, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను.

మిరపబజ్జీ గారు చెప్పినట్టే పరీక్ష మొదలవ్వకముందే చెప్పాను. సోమవారం ఇంటర్వెల్‌లో, ఆవిడ టీ తాగుతుంటే. ఇంట్లో అద్దం ముందు కాదు గానీ బియ్యం కడుగుతూ పదిసార్లు అనుకున్నా. "మేడం, పోయినసారి నాలుగు సెక్షన్లకి నాకు రెండు రాత్రులు పట్టింది. ఈసారి ఎంట్రీ నాకు కుదరదండి. బుధవారం లాస్ట్ పీరియడ్ నాకు లీజర్, మీ పక్కన కూర్చుని చూపిస్తాను, మీరే చేసేద్దురు." ఒక్క గుక్కలో చెప్పేశా, గొంతు కొంచెం వణికింది, పర్లేదు.

ఆవిడ గ్లాసు కింద పెట్టి "అంతేలేమ్మా, మేం పాతవాళ్ళం, మీకు భారమే" అన్నారు. అమ్మో, ఆ మాటకి నా నాలుక చివర "ఇవ్వండిలెండి" వచ్చేసింది, నిజంగా ఇ దాకా వచ్చింది. మింగేసి "బుధవారం లాస్ట్ పీరియడ్ అండి" అన్నా. ఇంకోసారి, "ఒక్క 9-బి అయినా చూడు, అల్లరి పిల్లలు, పేపర్లు చిందరవందర" అన్నారు. "బుధవారం చూద్దామండి, కలిసి." ఎన్నోసారో నేను లెక్కపెట్టలేదు, లెక్కల టీచర్ని అయ్యుండి.

మంగళవారం ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు. వేరే వాళ్ళకి వినపడేలా "ఇప్పటి పిల్లలకి టైముండదు" అన్నారు. బాధేసింది, అబద్ధం చెప్పను. ఇంటికెళ్ళి పాపతో కూర్చుని ఉన్న పెన్సిళ్ళన్నీ చెక్కాను, పన్నెండు.

బుధవారం వస్తారనుకోలేదు. వచ్చారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. లాగిన్ దగ్గరే అసలు సంగతి బయటపడింది. ఇన్నాళ్ళూ నేను నా లాగిన్‌లోంచే ఎంట్రీ చేసేదాన్ని కాబట్టి నాకు తెలీదు, ఆవిడ లాగిన్‌కి ఓటీపీ వచ్చేది బెంగుళూరులో ఉన్న వాళ్ళబ్బాయి ఫోన్‌కి. ఎప్పుడో అతనే రిజిస్టర్ చేసి పెట్టాడట. స్కూల్ టైములో ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానమ్మా అని విసుక్కుంటాడట. "వాణ్ణి అడగలేకమ్మా" అన్నారు మెల్లగా. కొడుకుని అడగలేక నన్ను అడిగారు, ఆవిడకి కుదరదనలేక నేను పాప మీద అరిచాను. ఆఫీసు రూంలో క్లర్క్ దగ్గరికి తీసుకెళ్ళి నంబర్ మార్పించాం, ఐదు నిమిషాల పని. ఓటీపీ ఆవిడ ఫోన్‌కే వచ్చినప్పుడు ఆవిడ మొహం చూడాలి, అంకెలు పైకి చదువుతూ కొట్టారు.

లాంగ్ బెల్ అయ్యేసరికి 9-ఎ పూర్తయింది, ఒక్క వేలితోనే. 9-బి కట్ట విప్పుతూ "మిగతావి…" అని నా వైపు చూశారు. బస్సుకి టైమవుతోందండి అని బ్యాగ్ తీసుకుని వచ్చేశా.

*

మిరపబజ్జీ:

రసం మళ్ళీ వస్తే చెప్పండి మేడం.